లెక్కకెక్కని బడి

చదువు అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది బడి. గంట, నల్లబల్ల, పుస్తకాల సంచీ, జూన్ నెల దగ్గర పడుతుంటే గుండె దడ పుట్టించే ఫీజులు. ఇంట్లో పిల్లలు నేర్చుకొనేదాన్ని మాత్రం మనం చదువు అనం. వేసవి సెలవులు సగమయ్యేసరికి ఏ ఇల్లాలిని కదిలించినా, "ఇంట్లో ఉంటే అల్లరి తప్ప ఏముందండీ! బళ్ళు ఎప్పుడు తెరుస్తారా అని కాచుక్కూచున్నాం" అనే అంటుంది.

మనమే కాదు, చరిత్ర రాసినవాళ్ళూ అంతే. బళ్ళను లెక్కపెట్టారు గాని ఇళ్ళను లెక్కపెట్టలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. రెండువందల ఏళ్ళ కిందట మా సీమలో తీసిన చదువుల లెక్క ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో పిల్లలు పొద్దున ఎన్నింటికి లేచారో, దేనిమీద రాశారో, ఎన్ని దెబ్బలు తిన్నారో కూడా ఉంది. లేనిదల్లా ఇల్లు.

మా పుట్టిల్లు శింగనమల. అనంతపురం పక్కనే. ఋష్యశృంగుడు తపస్సు చేసిన కొండ గనక శృంగనమల అయిందనీ, అదే నోళ్ళలో నలిగి శింగనమల అయిందనీ మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఊరికి పెద్ద చెరువుంది. ఆ చెరువు నిండితే ఊరంతా తిరణాలే. నిండని ఏళ్ళే ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అదీ పడవలసినప్పుడు పడితేను. శెనక్కాయ పంట, ఎర్రనేల, ఆకాశం వైపు చూసే కళ్ళు. ఇంతే మా వైపు.

ఇప్పుడు అనంతపురం జిల్లా అంటున్నాం గాని ఆ పేరుతో జిల్లా పుట్టింది 1882లో. అంతకుముందు ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక ఇక్కడ ఏడేళ్ళు దొరతనం చేసినవాడు థామస్ మన్రో. అనంతపురంలోనే కాపురం ఉన్నాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేటంతగా ఆయన్ని మావాళ్ళు మనసులో పెట్టుకొన్నారు. తర్వాత ఆయన మద్రాసుకు గవర్నరయ్యాడు. 1822లో, "మన రాజ్యంలో బళ్ళెన్ని ఉన్నాయి, ఎవరెవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు, లెక్క తీసి పంపండి" అని కలెక్టర్లందరికీ ఆర్డరు వేయించాడు.

బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. ఈయన కాగితాలు నింపి చేతులు దులుపుకొనే మనిషి కాదు. తెలుగు నేర్చి 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు అచ్చు వేయించినవాడు. బ్రౌను దొర కంటే ముందువాడు. 1823 ఆగస్టు 17న ఆయన పంపిన జవాబే నేను చెప్పే లెక్క. జిల్లా జనాభా 9,27,857. బళ్ళు 533. అందులో తెలుగు బళ్ళు 226, కన్నడ బళ్ళు 235, మిగిలినవి మరాఠీ, పార్సీ, సంస్కృతం, అరవం, ఒక్కటంటే ఒక్కటి ఇంగ్లీషు. చదివే పిల్లలు మొత్తం 6,641. బడికి పన్నెండు మంది చొప్పున అన్నమాట. ఇప్పుడు ట్యూషను మాస్టారి వరండాలో కూడా అంతకంటే ఎక్కువమందే ఉంటారు.

ఆ 6,641 మందిలో ఆడపిల్లలెందరో చెప్పుకోండి చూద్దాం. అరవై మంది! తొమ్మిది లక్షల పైచిలుకు జనంలో అరవై మంది ఆడపిల్లలు.

ఆ అంకె దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆ అరవై మందినీ పక్కన పెడితే, మిగతా ఆడపిల్లలకు ఏమీ రాదనేనా అర్థం? గంపెడు గింజలు కొలిచి కూలి పంచే మనిషికి లెక్క రాకుండా ఎలా ఉంటుంది? వాకిట్లో చుక్కలు పెట్టి గీత తప్పకుండా ముగ్గు దింపే పిల్లకు కన్నూ చెయ్యీ కుదరకుండా ఎలా ఉంటాయి? అలా అని అంతా బాగానే ఉండేదని సరిపెట్టుకోవడానికీ మనసొప్పలేదు. అందుకని, మొన్న వేసవిలో పిల్లలతో పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. ఒక రోజంతా, పొద్దు పొడిచింది మొదలు పడుకొనేదాకా, మా అమ్మ దగ్గర పిల్లలు ఏమేం నేర్చుకొంటున్నారో గమనించి, క్యాంబెల్ రాసిన బడి దినచర్యతో పోల్చి చూశాను. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. వాళ్ళకు తోడు పక్కింటి పాప, ఎనిమిదేళ్ళది. దాని అమ్మానాన్నా బెంగుళూరికి కట్టడం పనులకు వెళ్ళారు. వాన లేని ఏడు మా వైపు ఎన్నో ఇళ్ళల్లో ఇదే వరస. పిల్ల వాళ్ళవ్వ దగ్గర ఉంటోంది.

ముందు పొద్దున సంగతి. 1823లో పిల్లలు ఆరింటికల్లా బడి అరుగు ఎక్కాలి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారుట, గౌరవంగా. రెండోవాడి చేతిలో సున్న. మెప్పూ లేదు, తప్పూ లేదన్నమాట. మూడోవాడికి చిన్న బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాళ్ళకు తలకొకటి చొప్పున ఎక్కువ. పన్నెండో వాడి గతి మీరే లెక్క కట్టుకోండి. ఎక్కాలు రాని పిల్లవాడైనా ఆ లెక్క ఇట్టే నేర్చుకొని ఉంటాడు!

మా అమ్మ బడిలో బెత్తం లేదు. పొద్దున్నే కల్లాపి చల్లి, పిండి గిన్నె పెద్దదాని చేతికిచ్చి, "ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేదాకా" అంది. పెట్టడం అయ్యాక, "మొత్తం ఎన్ని చుక్కలు పెట్టినావు పాపా?" అని అడిగింది. ఒకటి, మూడు, అయిదు, ఏడు, మళ్ళీ అయిదు, మూడు, ఒకటి. పిల్ల వేళ్ళు మడిచి ఇరవై అయిదు అంది. "అయిదు చుక్కల ముగ్గుకో?" పదమూడు. "తొమ్మిదికో?" ఈసారి వేళ్ళు చాలలేదు. గోడ మీద బొగ్గుతో వేసి నలభై ఒకటి అని తేల్చింది. వారపత్రికల్లో "ఇన్ని చుక్కలు, సందు చుక్క, ఇన్ని వచ్చే వరకు" అని ముగ్గుల పేజీలు చించి దాచుకొన్న మనమంతా, లెక్కలంటే భయమనే అనుకొంటూ ఈ లెక్కలన్నీ చేస్తూనే వచ్చాం కదూ!

ఆరేళ్ళ చిన్నాడు ముగ్గుపిండిలో వేలు పెట్టి తన పేరు రాసుకొంటున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే 1823 నాటి పిల్లవాడి మొదటి పాఠం అచ్చంగా అదే. అయిదో ఏట పంతులుగారు శిష్యులతో సహా పిల్లవాడి ఇంటికే వచ్చి, వినాయకుణ్ణి మధ్యన పెట్టి అందరూ చుట్టూ కూచొని, పిల్లవాడి వేలు పట్టుకొని బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. అంటే చదువు మొదలైంది బడిలో కాదండీ, ఇంట్లోనే. ఆ మర్నాటి నుంచి బడి. అక్కడ కూడా ముందు నేల మీద ఇసకలో వేలితో రాయాలి. నోటితో వల్లించడం తర్వాత, చేత్తో దిద్దడం ముందు. ఇది క్యాంబెల్‌కు వింతగా తోచింది, వాళ్ళ దేశంలో ముందు అక్షరాల పేర్లు వల్లె వేయిస్తారు గనక. ఎనభై నాలుగేళ్ళ తర్వాత, 1907లో, రోములో మరియా మాంటిసోరి అనే డాక్టరమ్మ చిన్నపిల్లలకు బడి పెట్టింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద పిల్లల చేత వేలు రాయించే ఆమె పద్ధతికి లోకమంతా జేజేలు కొట్టింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు తర్ఫీదు కూడా ఇచ్చింది. ఆమె తెలివిని తక్కువ చెయ్యడం లేదు. మన ఇళ్ళలో బియ్యప్పళ్ళెం ముందు నుంచీ ఉందని గుర్తు చేస్తున్నానంతే.

ఇసకలో చెయ్యి తిరిగాక తాటాకూ గంటమూ, లేదా కాగితమూ కలమూ. అయితే మా సీమలో ఎక్కువ వాడింది రెండే రెండు. ఒకటి పలక. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు చెక్క. దానికి అన్నం మెత్తగా మెదిపి బొగ్గుపొడి కలిపి పూసేవారు. రెండోది కడితం. గుడ్డకు గంజి పెట్టి, మడతలు మడతలుగా పుస్తకంలా చేసి, బొగ్గుపొడీ బంకా కలిపి పట్టించేవారు. రాయడానికి బలపం. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్త పుస్తకం. బలపం అనే మాటను దొర తన స్పెల్లింగులో వంకరగా రాసుకొన్నాడు గాని పోల్చుకోవచ్చు. నాకు ఇందులో కనిపించింది ఇంకొకటి. గంజి, అన్నం, బొగ్గు. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? వంటింట్లో. పలకకు మసి పూసిన చేతులు ఎవరివో దొర రాయలేదు. మనకు తెలియదా?

తొమ్మిదింటికి మా అమ్మ శెనక్కాయల మూట దించింది. జూన్‌లో విత్తనానికి కాయలు ఒలవాలి. ముగ్గురు పిల్లలకూ తలా ఒక గుట్ట పోసి, "ఒంటి గింజవి ఒకచోట, రెండు గింజలవి ఒకచోట, మూడు గింజలవి ఒకచోట" అంది. అరగంటలో నేల మీద మూడు వరసలు లేచాయి. రెండు గింజల వరస పొడుగ్గా గడప దాకా పోయింది, మూడు గింజలది సగానికే ఆగింది, ఒంటి గింజది మరీ పొట్టి. పట్నంలో పెద్దదాని బడిలో దీన్నే గ్రాఫు అంటారు, రంగు పెన్సిళ్ళతో వేయిస్తారు. ఇక్కడ అది తినడానికి కూడా పనికొచ్చింది.

ఒలిచిన గింజలు కొలవడంలో అసలు పాఠం వచ్చింది. మా అమ్మ దగ్గర పాత సేరు, అరసేరు, పావుసేరు డబ్బాలు ఇంకా ఉన్నాయి. నాలుగు పావులు సేరు. పావులో పావు ఎంత అని అడిగింది. పిల్లలు తెల్లమొహం వేశారు. క్యాంబెల్ నివేదికలో దీనికి జవాబుంది. అప్పటి బళ్ళలో పిల్లల చేత అన్నిటికంటే శ్రద్ధగా నేర్పించింది భిన్నాలుట. ఇంగ్లీషువాళ్ళలా పదులతో కాదు, నాలుగులతో దిగుతూ పోవడం. నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్ళీ అందులో నాలుగో వంతు. కాలు, వీసం, కాని. రోజుకు రెండుసార్లు పిల్లలందరూ వరసగా నిలబడి ఈ లెక్కలన్నీ వల్లించాలి. ఎందుకంత పట్టుదల అంటే, బతుకంతా ఆ లెక్కల మీదే నడిచేది. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగణాలు, అణాకు నాలుగు కాన్లు కాదూ? మా అమ్మ రెండో తరగతితో బడి మానేసింది. కాని రూపాయిలో అరవైనాలుగో వంతు దాకా నోటిలెక్కన దిగి వస్తుంది. పావులో పావు వీసం అని పిల్లలకు చెప్పి, చిన్న గిన్నె ఒకటి తెచ్చి, అది పదహారుసార్లు పోస్తే సేరు నిండడం కళ్ళకు చూపించింది. 'ఒకటి కింద పదహారు' అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రాని వెలుగు పిల్లల మొహంలో అప్పుడు చూశాను.

అప్పుడే పక్కింటి పాప వాళ్ళవ్వ వచ్చి గడపలో కూలబడింది. "ఏమో వదినా, బళ్ళు తెరిచేసరికి ఇది నేర్చుకొనిందంతా మరిచిపోతాదేమో. నాకా, అక్షరం ముక్క రాదు. దీనికి నేనేం చెప్పిచ్చేది?" అంది. మా అమ్మ చేతిలో పని ఆపకుండానే, "కాయలు కొలిచేదానికి నీకు పుస్తకం కావాల్నా? జానెడు పదునయితే విత్తచ్చని చెప్తావు గదా, ఎట్ల తెలిసె నీకు? అదే చెప్పు పిల్లకు" అంది.

పన్నెండు దాటాక ఆ అవ్వే పాఠం చెప్పింది. వాకిట్లో నిలువుగా ఒక పుల్ల పాతింది. మే నెల మొదటి రోజులు. మా వైపు ఏప్రిల్ ఆఖరుకూ మే మొదటికీ మధ్య సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మళ్ళీ ఆగస్టులో ఇంకోసారి. పన్నెండుంబావు దాటే వేళకు పుల్ల నీడ దాని మొదట్లోకే ముడుచుకుపోయింది. ఢిల్లీలో పిల్లలకు ఏడాదిలో ఒక్కరోజు కూడా ఇది దొరకదు, కర్కటరేఖకు పైనున్నారు గనక. "నీడ కాళ్ళ కిందికొస్తే ఇంక కార్తెలు లెక్కపెట్టుకోవల్ల" అంది అవ్వ. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు. విత్తనం ఏ కార్తెలో, కలుపు ఏ కార్తెలో ఆమె వేళ్ళ మీద ఉంది. పక్కింటి పాప క్యాలెండరు తెచ్చి అవ్వ చెప్పిన పేరుకల్లా తేదీ చూసి చదివింది. చూడండి ఎంత చక్కగా అమరిందో! లెక్క అవ్వది, అక్షరం పిల్లది.

సాయంత్రం అరుగు మీద పెద్దది చిన్నాడికి ఎక్కాలు చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడో ఎక్కంలో తానే తడబడి, సర్దుకొని, మళ్ళీ మొదటి నుంచి అందుకొంది. పెద్దపిల్ల చిన్నవాళ్ళకు చెప్పడం మనకు కొత్తేమీ కాదు, ఇంటింటా ఉన్నదే. కాని ఈ మామూలు సంగతే ఒకప్పుడు సముద్రాలు దాటింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయానికి ఆండ్రూ బెల్ అనే పాదిరీ పెద్దగా వచ్చాడు. అక్కడ దగ్గర్లో ఒక నాటుబడిలో పిల్లలు ఇసకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టించబోయాడు. జీతాలు తీసుకొనే ఉపాధ్యాయులు పెడచెవిన పెట్టారు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ కుర్రాడొకణ్ణి చిన్నవాళ్ళకు గురువుగా కూచోబెట్టాడు. పెద్దలు చెయ్యలేని పని ఆ కుర్రాడు చేసి చూపించాడు. 1797లో బెల్ దాన్ని లండన్‌లో పుస్తకంగా వేస్తే, 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండులో వేల బళ్ళకు పాకింది. మన పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబే అని 1823లో క్యాంబెల్ కూడా మెచ్చుకొన్నాడు. 1832లో బెల్ చనిపోతే రాజులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. ఇసకలో రాసిన మన పిల్లల పేర్లు మాత్రం ఇసకలోనే చెరిగిపోయాయి.

ఇక్కడితో ఆపితే, "మనవాళ్ళు అప్పుడే అన్నీ కనిపెట్టారు" అని సంతోషపడి పత్రిక మూసెయ్యవచ్చు. కాని క్యాంబెల్ మనల్ని అంత తేలిగ్గా వదలడు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారు గాని అర్థం ఒక్కదానికీ తెలియదనీ, చాలాసార్లు పంతులుకే తెలియదనీ రాశాడు. బద్ధకించిన పిల్లవాణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారనీ రాశాడు. అన్నిటికంటే నన్ను కుదిపిన మాట వేరే ఉంది. ఒకప్పుడు బళ్ళున్న ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు బళ్ళు లేవు, పెద్ద బళ్ళున్నచోట కలిగినవాళ్ళ పిల్లలు నలుగురే మిగిలారు అంటాడు. కారణం? బీదరికం. ఇంగ్లండు నుంచి మిల్లుబట్ట దిగుమతయి మన నేతగాళ్ళ మగ్గాలు మూలబడ్డాయనీ, దేశంలో డబ్బు ఆడడం లేదనీ ఆయనే, కంపెనీ కలెక్టరే, ఒప్పుకొన్నాడు. తల్లిదండ్రులు పిల్లల్ని మధ్యలోనే బడి మానిపించి పనుల్లో పెట్టేవారు. అక్షరం ఒంటబట్టకముందే అరుగు దిగిన పిల్లవాడికి కడితం మీది రాతలా తడిగుడ్డ ఒక్కటి చాలు, అంతా చెరిగిపోవడానికి.

అదిగో, అక్కడ కావలసింది ఇల్లు. బడి మానేసిన పిల్లవాడికి, ఇంట్లో అక్షరం తెలిసిన అమ్మ ఉంటే ఆ నాలుగు ముక్కలూ నిలిచేవి. కాని ఆ అమ్మ ఎక్కడి నుంచి వస్తుంది, తొమ్మిది లక్షల జనంలో అరవై మంది ఆడపిల్లలే బడికి వెళితే?

మద్రాసు పట్నం కలెక్టరు ఒక్కడికే ఇళ్ళను కూడా లెక్కపెట్టాలని తోచింది. బళ్ళలో చదివేవాళ్ళు 5,699 మంది అయితే ఇళ్ళలో చదువుకొనేవాళ్ళు 26,963 అని తేలింది. ఇంచుమించు అయిదు రెట్లు! అందులో ఆడపిల్లలు 517 మంది. ఇళ్ళ అంకె మరీ పెద్దదని మన్రోకే అనుమానం వచ్చింది. అయినా 1826లో తన అభిప్రాయం రాస్తూ, మొత్తం మీద మగపిల్లల్లో చదువుకొనేవాళ్ళు నాలుగో వంతు కాదు, మూడో వంతుకు దగ్గరగా ఉండవచ్చు, ఎందుకంటే జిల్లాల నుంచి ఇళ్ళలో చదువుల లెక్క మనకు రాలేదు అన్నాడు. ఆడపిల్లల మాట ఆ వంతుల్లో లేనే లేదు.

ఇంటి చదువు ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవాలంటే భండారు అచ్చమాంబను తలుచుకోవాలి. 1874లో పుట్టింది. బడి మొహం ఎరగదు. చిన్నప్పుడే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన దగ్గరే ఉండి చదువుకొంటుంటే ఆయన సాయంతో తానూ చదువుకొంది. ఆ ఇంటి చదువుతోనే 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించింది. ఆడవాళ్ళ చరిత్రను ఆడది రాసిన పుస్తకం. ఆమె పుట్టిన 1874లోనే వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. నాకు రెండూ ఒకే దీపానికి రెండు వత్తులుగా కనిపిస్తాయి. అచ్చమాంబకు తమ్ముడున్నాడు. అలాంటి తమ్ముడు లేని లక్షలమందికి ఆ బడి కావాలి.

ఈ సంగతి మనకు మళ్ళీ అనుభవానికొచ్చింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళన్నీ మూతపడ్డప్పుడు దేశంలో ప్రతి ఇల్లూ రాత్రికి రాత్రి బడి అయిపోయింది. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో పాఠాలు వచ్చాయి. టీవీ పక్కన కూచొని, "ఇదిగో, ఈ లెక్క ఇలా చెయ్యి నాయనా" అనేవాళ్ళున్న ఇంట్లో పిల్లలు నిలదొక్కుకొన్నారు. లేని ఇంట్లో వెనకబడ్డారు. 2011 జనాభా లెక్కల నాటికి మా అనంతపురం జిల్లాలో చదవనూ రాయనూ వచ్చిన ఆడవాళ్ళు నూటికి యాభై నాలుగు మంది దాకా. అరవై మంది దగ్గర నుంచి అక్కడికి రావడానికి మనకు దాదాపు రెండువందల ఏళ్ళు పట్టింది. ఆ మిగిలిన నలభై ఆరు మందిలో మా పక్కింటి అవ్వ ఒకరు.

అందుకే నా మనసులో రెండు మాటలు గట్టిగా నిలిచాయి. ఒకటి, ఇల్లు బడికి బదులు కాదు. ఎవరైనా వచ్చి, "ఆడపిల్లకు ఇంట్లో నేర్చుకొన్నది చాలదా" అంటే, ఆ అరవై అంకె చూపించండి. రెండోది, ఇల్లు బడి కంటే తక్కువా కాదు. నూనె కొలిచే చెయ్యి, చుక్కలు పెట్టే చెయ్యి, నీడ చూసి కార్తె చెప్పే కన్ను, ఇవన్నీ చదువే. వాటికి పక్కన ఒక్క అక్షరం తోడు కావాలి, అంతే. ఆ అక్షరం తల్లి దగ్గర లేకపోతే పిల్ల దగ్గరైనా ఉండాలి.

ఈసారి సెలవుల్లో మీ పిల్లలకు ఖరీదైన క్లాసులేవీ దొరకలేదని దిగులుపడకండి. ఒక పూట వంటింట్లోకి రానివ్వండి. కొలవనివ్వండి, వొలకబొయ్యనివ్వండి, పెద్దదాన్ని చిన్నదానికి చెప్పనివ్వండి. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి పిల్లనూ ఆ పక్కనే కూచోబెట్టండి. జిల్లాల నుంచి ఇళ్ళ లెక్క రాలేదని మన్రో రాసి రెండువందల ఏళ్ళయింది. ఆ లెక్క చెప్పగలిగినవాళ్ళు కలెక్టర్లు కాదు. మనమే.